మన గురించి రాసింది మనకే తాళమా?

మొన్న వేసవి సెలవుల్లో మా కొండ ఊరి అమ్మాయి ఒకామె తునిలో మమ్మల్ని కలిసింది. ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు రాయాలి. "మా ఊళ్ల పోడు గురించే రాద్దామనుకుంటున్నానండి మాస్టారూ. పుస్తకాలేమైనా ఉంటే చెప్పండి" అంది. మన పిల్లలు మన గురించి రాస్తామనడం రోజూ వినబడే మాట కాదు. సంతోషపడి ఆమెను వెంటబెట్టుకుని స్టేషను దగ్గరున్న నెట్ సెంటరుకు వెళ్లాం.

వెతికితే దొరికింది. మన్యంలో కొండపోడు మీద ఇంగ్లీషులో ఒక పరిశోధన వ్యాసం. వ్యాసం పేరు కనబడింది, రాసినాయన పేరు కనబడింది, పది పన్నెండు లైన్ల సారాంశం కనబడింది. ఆ కింద తాళం బొమ్మ. మొత్తం చదవాలంటే 39 డాలర్లు కట్టాలట. మన డబ్బులో మూడు వేల పైమాటే. జీడిపిక్కల కాలంలో ఆ అమ్మాయి తల్లి పది రోజులు తోటకు వెళితే వచ్చే కూలి అది.

ఆమె కాసేపు తెర వైపే చూసి అడిగింది: "ఇందులో ఉన్నది మా తాతల పోడే కదండీ. వాళ్లు చెబితేనే కదా ఈయన రాశాడు. చదవడానికి మళ్లీ మనమే డబ్బు కట్టాలా?"

ఆ పూట మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత నలుగురం టీచర్లం కూర్చుని, దొరికినంత చదివి, ఒకరితో ఒకరం వాదించుకుని తేల్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

చింతపండు లెక్క

పరిశోధన పత్రికలు కొత్తవేమీ కావు. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అనే పత్రిక మొదలుపెట్టాడు. ఒకచోట ఒకరు కనుక్కున్నది మరోచోట ఉన్నవారికి తెలియాలన్నదే దాని ఉద్దేశం. అంటే పత్రిక పుట్టిందే పంచడానికి. తర్వాత తర్వాత ఆ పంచే పని పెద్ద వ్యాపారమైంది.

ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకుడు మన ఊరికి వస్తాడు. అతని జీతం, ఫెలోషిప్పు ఎక్కువగా ప్రజల డబ్బే. మన ముసలివాళ్లు పని మానుకుని అతనికి కథలు చెబుతారు, అడవి చూపిస్తారు, అన్నం పెడతారు. అతను వ్యాసం రాసి పత్రికకు పంపుతాడు. పత్రిక అతనికి రూపాయి ఇవ్వదు. అది సరిగ్గా ఉందో లేదో చూడమని ఇద్దరు ముగ్గురు పండితులకు పంపుతుంది. వాళ్లకూ ఏమీ ఇవ్వదు. అచ్చు వేసే ముందు హక్కులన్నీ తనకు రాసిమ్మంటుంది. ఆ తర్వాత అదే వ్యాసాన్ని చందా కింద విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు అమ్ముతుంది. ఆ చందా మళ్లీ ప్రజల డబ్బే. ఈ రంగంలో పెద్దదైన ఎల్సెవియర్ కంపెనీ మాతృసంస్థ రెల్క్స్ చూపే లెక్కల్లో, ఈ విభాగంలో వంద రూపాయలు అమ్మితే 37, 38 రూపాయల దాకా లాభం కనబడుతుంది.

ఇది మనకు తెలియని వ్యాపారమేమీ కాదు. సంతలో మనం అమ్మిన చింతపండే గింజ తీసి, ప్యాకెట్టు కట్టి, తుని బజారులో షాపుకెక్కుతుంది. మళ్లీ మనమే ఎక్కువ ధర పెట్టి కొంటాం. గింజ తీయడానికి, ప్యాకెట్టు కట్టడానికి ఖర్చు ఉంది, కాదనం. పత్రిక నడపడానికీ ఖర్చు ఉంది. కానీ చెట్టెక్కినవాడికి ఎంత ముట్టింది, ప్యాకెట్టు కట్టినవాడికి ఎంత ముట్టింది అన్నది అడగాలి కదా. చింతపండుకు ధర అడగడానికి 1956 నుంచి జీసీసీ అయినా ఉంది. మన కథకు, మన మాటకు అదీ లేదు.

తలుపు తెరిచారు, గుమ్మం దగ్గర రుసుము పెట్టారు

ఈ అన్యాయం పండితులకూ తెలిసింది. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన వెలువడింది. పరిశోధన వ్యాసాలు ఇంటర్నెట్లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, దించుకునేలా, పంచుకునేలా ఉండాలన్నది దాని సారం. దీనినే ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. మనం 'అందరికీ తెరిచిన ప్రచురణ' అనుకుందాం. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఇటువంటిదే ఇంకో ప్రకటన వచ్చింది. మన దేశంలో 2014 డిసెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ శాఖలు తమ డబ్బుతో జరిగిన పరిశోధన వ్యాసాలను అందరికీ కనబడే భాండారంలో పెట్టాలని విధానం ప్రకటించాయి.

వినడానికి బాగుంది. కానీ పెద్ద కంపెనీలు దీనికీ ఒక దారి కనిపెట్టాయి. చదివేవాడి దగ్గర డబ్బు తీసుకోవద్దంటే, రాసేవాడి దగ్గర తీసుకుంటామన్నాయి. 'నేచర్' పత్రిక 2021 నుంచి ఒక వ్యాసాన్ని అందరికీ తెరిచి ఉంచడానికి 9,500 యూరోలు అడుగుతామంది. మన లెక్కలో ఎనిమిది లక్షల రూపాయల పైమాట. అన్ని పత్రికలూ అంత అడగవు, నిజమే. వేలల్లో అడిగేవి, లక్షల్లో అడిగేవి రకరకాలుగా ఉన్నాయి. అయినా అసలు మాట అక్కడే ఉంది. నిన్నటిదాకా మన అమ్మాయి చదవలేకపోయింది. రేపు చదవగలదు గానీ రాయలేదు. మన గురించి ఇంకొకరు రాస్తే ఉచితంగా చదువుకోవచ్చు, మన గురించి మనం రాస్తే రుసుము కట్టాలి. ఏ వైపు తలుపు మూసినా బయట నిలబడేది మనమే అయితే దాన్ని తెరవడం అనలేం.

మూడో దారి ఉంది. చదివేవాడి దగ్గరా, రాసేవాడి దగ్గరా డబ్బు తీసుకోకుండా ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో, పండిత సంఘమో ఖర్చు పెట్టుకుని పత్రిక నడపడం. బ్రెజిల్‌లో 1997లో మొదలైన 'సైలో' ఈ దారిలో లాటిన్ అమెరికా దేశాల పత్రికలను ఒకచోటికి చేర్చింది. అక్కడి పత్రికలు స్పానిష్, పోర్చుగీసు భాషల్లో కూడా వస్తాయి. మన దేశంలోనూ 'కరెంట్ సైన్స్', భారతీయ విజ్ఞాన అకాడమీవారి 'రెజొనెన్స్' పత్రికల పాత సంచికలు వాటి సొంత వెబ్‌సైట్లలో ఉచితంగా చదువుకోవచ్చు. హైస్కూలు సైన్సు టీచర్లు 'రెజొనెన్స్' తప్పక చూడాలి. ఈ దారి సాధ్యమేనని రుజువైంది. చేయవలసినవారు చేయాలి, అంతే.

ఒకే దేశం, ఒకే చందా

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. 6,300కు పైగా సంస్థల్లో సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు వీటిని చదవగలుగుతారు.

ఇందులో మంచి ఉంది. ఇదివరకు పెద్ద పెద్ద ఐఐటీల్లోనే దొరికే పత్రికలు ఇప్పుడు చిన్న పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనూ తెరుచుకుంటాయి. ప్రభుత్వ కాలేజీల్లో చదివే మన పిల్లలు ఇది ఉందని కూడా తెలియక వదిలేసుకుంటున్నారు. వెంటనే లైబ్రేరియన్‌ను అడగాలి.

కానీ మా విమర్శ మూడు విషయాల మీద. ఒకటి, ఇది చందానే. ఏటా రెండు వేల కోట్లు కట్టినంతకాలం తలుపు తీసి ఉంటుంది, కట్టడం మానిన రోజు మూసుకుంటుంది. రెండు, ఇది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు మొదలైంది. ప్రైవేటు కాలేజీలో చదివే ఆ అమ్మాయికి అందులో చోటు లేదు. ఆశ్రమ పాఠశాల టీచరుకు లేదు. గ్రామ సచివాలయం పక్కనున్న గ్రంథాలయానికి లేదు. ప్రభుత్వ కాలేజీ పిల్లవాడైనా డిగ్రీ అయిపోయిన మర్నాడు బయటివాడే. మూడు, రచయితలకు సాయంగా ఏటా 150 కోట్లు పెట్టారు గానీ, అది కూడా రుసుము అడిగే పత్రికలకు కట్టడానికే. ఆ డబ్బులో కొంతైనా రుసుము లేని పత్రికలను మన భాషల్లో నడపడానికి పెడితే ఎంత బాగుండేది!

మనకు దీనితో ఏం పని?

'కడుపుకే లేక ఏడుస్తుంటే పరిశోధన పత్రికల గొడవ మనకెందుకు మాస్టారూ' అని మా తోటి టీచరు ఒకాయన అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి మూడు ఉదాహరణలు చెబుతాం.

మొదటిది మన ఉద్యోగాలది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ రోజు మనలో చాలామందికి నిద్ర పట్టలేదు. కానీ ఒకటి గమనించండి. ఆ తీర్పు మొత్తం మనం చదవగలిగాం. కోర్టు వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. అర్థం కాని పేరాలు లాయర్లకు చూపించి అడిగాం. 1997 నాటి సమత తీర్పూ అలాగే చదువుకుని, గనుల మాట వచ్చినప్పుడు గ్రామసభల్లో మాట్లాడుతున్నాం. తీర్పుకు తాళం వేసి ఉంటే ఏమయ్యేది? ఎవరో చెప్పిందే నమ్మాలి. ఆ తీర్పుల మీద న్యాయశాస్త్ర పత్రికల్లో వచ్చిన విశ్లేషణల్లో చాలా వాటి విషయంలో మన గతి ఇప్పటికీ అదే.

రెండవది మా ప్రాంతానిది. తునికి ఎగువన కోటనందూరు, రౌతులపూడి, శంఖవరం, ప్రత్తిపాడు మండలాల కొండ ఊళ్లలో ఆదివాసులం తరతరాలుగా ఉన్నాం. అయినా మా ఊళ్లు ఐదవ షెడ్యూలులో లేవు. అందువల్ల 1/70 చట్టం రక్షణ మా భూమికి లేదు. షెడ్యూలులో చేర్చమని అడిగితే 'ఆధారాలు చూపండి' అంటారు. ఈ కొండలకూ, గూడెం, రంప కొండలకూ ఉన్న సంబంధం గురించి చరిత్రకారులు రాశారు. 1922-24 మన్యం తిరుగుబాటు మీద అట్లూరి మురళి 1984లో 'సోషల్ సైంటిస్ట్' పత్రికలో వ్యాసం రాశారు. అది జేస్టోర్‌లో ఉంది. ఆ పత్రిక పాత సంచికలే చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా ఉన్నాయి. ఒకచోట తాళం కనబడితే నిరాశపడకుండా ఇంకోచోట వెతకాలని మేము దీనివల్లే నేర్చుకున్నాం. అర్జీకి జత చేసే ఒక్క కాగితం కోసం మన పెద్దలు కాళ్లరిగేలా తిరుగుతున్నారు. ఆ కాగితం ఏ పత్రికలోనో తాళంలో ఉండిపోతే ఆ నష్టం మన భూమికే.

మూడవది మన పిల్లల ఒంటిది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం తదితర మండలాల్లో పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సరు రాకుండా టీకా వేసే పరిశీలన జరిపారు. ఆ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న గిరిజన బాలికలు. అనుమతి పత్రాల మీద అనేక చోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తప్పుపడుతూ నివేదిక ఇచ్చింది. ఆ టీకా మంచిచెడ్డలు ఇక్కడ మా విషయం కాదు. అడగవలసినవారిని అడగకపోవడమే మా విషయం. ఆ నివేదిక అందరికీ తెరిచి ఉంది కాబట్టి మనం చదివాం. టీచర్లుగా మన సంతకం విలువ ఎంతో అది చదివాకే మాకు తెలిసింది.

అన్నీ తెరవాలా?

ఇక్కడ తొందరపడకూడదు. 'అన్నీ తెరవండి' అనేవారికి మనం ఒక మాట చెప్పాలి. కేరళలో కాణి తెగవారి 'ఆరోగ్యపచ్చ' మొక్క సంగతి చూడండి. 1987లో అడవిలో వారి వెంట తిరిగిన శాస్త్రజ్ఞులు ఆ మొక్క గుణం వారి ద్వారానే తెలుసుకున్నారు. 'జీవని' అనే మందు తయారైంది. అక్కడి పరిశోధన సంస్థ తనకు వచ్చిన లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణివారికి ఇచ్చింది. దానికోసం 1997లో ట్రస్టు ఏర్పడింది. లోటుపాట్లు ఉన్నా, అడిగి పంచుకోవడం అనేది జరిగింది.

అమెరికాలో హవాసుపాయ్ తెగవారి దగ్గర 1990 నుంచి మధుమేహం పరిశోధనకని రక్తం తీసుకున్నారు. తర్వాత దాన్ని వారు ఒప్పుకోని వేరే పరిశోధనలకు వాడారు. వారు కోర్టుకెక్కారు. 2010లో ఆరిజోనా విశ్వవిద్యాలయాల పాలకమండలి 7 లక్షల డాలర్లు ఇవ్వడానికి, మిగిలిన రక్తం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ రక్తం మీద వచ్చిన వ్యాసాలు ఉచితంగా దొరికినా, దొరకకపోయినా ఆ తప్పు తప్పే.

కాబట్టి మన మాట ఇది. మన గురించి రాసిన వ్యాసం మనకు తెరిచి ఉండాలి. మన మందు చెట్టు ఎక్కడుందో, మన పూజ లోపల ఏముందో రాయాలా వద్దా అన్నది మాత్రం మన ఊరు చెప్పాలి. తలుపు తీసే హక్కు ఎవరిదో, వేసే హక్కూ వారిదే. ఆదివాసుల సమాచారం మీద ఆదివాసులకే అధికారం ఉండాలని 2019లో 'కేర్' పేరుతో అంతర్జాతీయ సూత్రాలు వచ్చాయి. మన విశ్వవిద్యాలయాలు కూడా వాటిని గోడ మీద రాసుకోవాలి.

ఇంకో తాళం: భాష

తాళం తీసినా ఆ వ్యాసం ఇంగ్లీషులోనే ఉంటుంది. డిగ్రీ చదివిన అమ్మాయికే డిక్షనరీ కావాలి. ఇక ఆ కథ చెప్పిన తాతకు అది ఎప్పటికి చేరుతుంది?

గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవాలి. ఆయన సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆ తర్వాతే 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు పండితుల కోసం వచ్చాయి. మొదట పిల్లలకు, తర్వాత పండితులకు. ఇప్పుడు ఆ వరస తారుమారైంది. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడు వాచకాలు తయారుచేసింది మన టీచర్లే. కథలు సేకరించారు, బొమ్మలు గీశారు, పాటలు కట్టారు. ఆ పథకం మీద పరిశోధన వ్యాసాలు దేశవిదేశాల్లో అచ్చయ్యాయి. వాటిలో ఎన్ని తెలుగులో ఆ టీచర్ల చేతికి వచ్చాయి? మా చేతికి ఒక్కటీ రాలేదు.

మనం చేయగలిగినవి

ప్రభుత్వం చేయవలసినవి చెప్పి ఊరుకోలేం. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉచితంగా దొరుకుతాయి. మన ఊరి పేరుతో, తెగ పేరుతో, మండలం పేరుతో వెతకండి. థర్‌స్టన్ 1909లో తెచ్చిన ఏడు సంపుటాల వంటి పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిలో మనల్ని కించపరిచే మాటలూ ఉన్నాయి. చదివి, ఎక్కడ తప్పో రాసి పెట్టుకోండి. పాపికొండల కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ 1945లో పుస్తకం వేశారు. ఆయన 1995లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు, అంటే 2055 చివరి దాకా దాని మీద హక్కులు ఉంటాయి. అటువంటివి గ్రంథాలయాల్లో కొనిపించాలి. బడిలో బోధించడానికి అవసరమైన మేరకు పుస్తకం నుంచి కాపీ తీసుకోవడం తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన సంగతి టీచర్లు గుర్తుంచుకోవాలి.

సై-హబ్ వంటి దొంగదారుల గురించి పిల్లలు అడుగుతున్నారు. ఆ సైటును అడ్డుకోమని 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ దారి మేము చూపించం. ఆ దారి పట్టవలసిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం అందరూ ఆలోచించాలి.

అన్నిటికన్నా తేలిక పని ఒకటుంది. రాసినాయనకే ఉత్తరం రాయడం. ఆ అమ్మాయి చేత అదే చేయించాం. 'మీరు రాసింది మా కొండల గురించి. నేను అక్కడి అమ్మాయిని. చదవాలనుంది' అని మెయిల్ పెట్టింది. నాలుగో రోజు వ్యాసం వచ్చింది. డబ్బు అడగలేదు సరికదా, చదివి ఎలా ఉందో చెప్పమన్నాడాయన.

ఆమె డిక్షనరీ పెట్టుకుని చదివింది. వాళ్ల తాతకు తెలుగులో చెప్పింది. పోడు కొట్టేటప్పుడు చెట్లన్నీ నరికేస్తారని ఒకచోట ఉందట. తాత నవ్వాడట. "చింత, ఇప్ప, జీలుగు ఎవడైనా నరుకుతాడా? వాటిని వదిలే కదా కొడతాం" అన్నాడట. ఆ ముక్క తన ప్రాజెక్టులో రాసింది. ఆయనకూ మెయిల్ పెట్టింది. ఈసారి రాసేటప్పుడు దిద్దుతానని ఆయన జవాబిచ్చాడు.

వ్యాసం ఇన్నేళ్లూ తాళంలో ఉండబట్టే ఆ తప్పు ఇన్నేళ్లూ బతికింది. అడవిని పాడుచేసేది మనమేనని చెప్పేవాళ్లకు అటువంటి ఒక్క వాక్యం చాలు. దాన్ని దిద్దడానికి మన తాత నోటి మాట ఒక్కటి చాలు. ఆ రెండూ కలవడానికే తలుపు తెరవమంటున్నాం.

ఇక మీదట మన ఊరికి వచ్చే పరిశోధకుణ్ణి మూడు అడుగుదాం. ఎందుకు రాస్తున్నావు? ఎక్కడ అచ్చు వేస్తావు, మాకు చదవడానికి దొరుకుతుందా? తెలుగులో నాలుగు పేజీలు రాసి మా బడిలో ఇస్తావా? ఒప్పుకుంటే పీట వేసి కూర్చోబెడదాం. ఒప్పుకోకపోతే మంచినీళ్లిచ్చి పంపుదాం. కథ మాత్రం చెప్పొద్దు.